పటం మీద సంతకం ఎవరిది?

బొమ్మలూ రంగులూ: పాఠకుల ప్రశ్నలకు రిటైరైన డ్రాయింగ్ మాస్టారి జవాబులు

ప్రశ్న: మాస్టారూ, మా మామ్మ పూజగదిలో పాత లక్ష్మీదేవి పటం ఉంది. కింద మూలన రవివర్మ సంతకం ఉంది. మామ్మ కొత్తగా కాపురానికొచ్చిన రోజుల్లో అమ్మవారి చీరకు జరీ, చమ్కీలు కుట్టిందట. పాత సామాన్లు కొనే ఒకాయన ‘అసలు రవివర్మే, కాకపోతే ఆ చమ్కీలు పీకేస్తేనే రేటు పలుకుతుంది’ అన్నాడు. మా అన్నయ్యేమో ప్రింటంటే నకిలీయే కదా, పడేయమంటున్నాడు. ఎవరి మాట వినాలి?
- ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: ఇద్దరి మాటా వినకమ్మా. ముందు ఆ చమ్కీల మీద ఎవరి చెయ్యీ పడనివ్వకు.

రవివర్మ 1894లో బొంబాయిలో ప్రెస్సు పెట్టాడు. తర్వాత దాన్ని లోనావలా దగ్గరి మలవ్లికి మార్చారు. అక్కడ బొమ్మను రాతి పలకల మీద గీసి, వాటి మీంచి కాగితం మీద అచ్చు వేసేవారు, ఒక్కో రంగుకు ఒక్కో రాయి. ఆయన బొమ్మను చూసి ఆ రాళ్ల మీద గీసింది ప్రెస్సు పనివాళ్లు. వాళ్ల పేర్లు పటం మీద ఎక్కడా కనపడవు. నువ్వు చెప్పిన సంతకమూ రాతి మీంచి అచ్చుపడిందే. చివరికి ఆయన ప్రెస్సును ఫ్రిట్జ్ ష్లైషర్ అనే జర్మన్ టెక్నీషియన్‌కు అమ్మేశాడు. 1906లో రవివర్మ పోయాక కూడా ఆయన పేరుతో పటాలు వస్తూనే ఉన్నాయి. కాబట్టి సంతకం చూసి మురిసిపోకు.

అలాగని అది నకిలీ కాదు. ప్రింటని చెప్పి అమ్మిన ప్రింటు ఎవరినీ మోసం చెయ్యలేదు. ఇప్పుడు ఆ పాత సామాన్లాయన ‘అసలు రవివర్మ’ అని ఇంకొకరికి అంటగడితే, మోసం అక్కడ మొదలవుతుంది.

‘బొమ్మ బాగుంటే చాలదా, ఎవరు వేస్తేనేం’ అని మీ అన్నయ్య అడగొచ్చు. హాన్ వాన్ మీగరెన్ అని హాలండ్‌లో ఒక చిత్రకారుడు ఉండేవాడు. 1937లో అతను వేసిన బొమ్మను పదిహేడో శతాబ్దపు డచ్చి చిత్రకారుడు వెర్మీర్ వేసిందనుకుని రాటర్‌డామ్ మ్యూజియంకోసం భారీ ధరకు కొన్నారు. పెద్ద పెద్ద పండితులే మెచ్చుకున్నారు. 1945లో అతనే, నేనే వేశానని ఒప్పుకున్నాడు. గీత మారలేదు, రంగు మారలేదు, ధర మాత్రం కూలిపోయింది. దీన్ని వట్టి పేరు పిచ్చి అని కొట్టిపారెయ్యలేను. ఒక మనిషి తన కాలంలో కొత్తగా కనిపెట్టుకున్న చూపుకి, మూడొందల ఏళ్ల తర్వాత దాన్ని అనుకరించిన నేర్పుకి ఒకే వెల కట్టలేం కదా. రవివర్మ స్వయంగా వేసిన ‘యశోదా కృష్ణ’ 2023 వేలంలో 38 కోట్లు పలికింది. ఆయన అసలు చిత్రాలను ప్రభుత్వం 1979లో జాతీయ కళాసంపదగా ప్రకటించింది. అవి దేశం దాటి వెళ్లకూడదు. నీ పటం ఆ లెక్కలోది కాదు.

మరి ఏ లెక్కలోది? పటాలు కట్టే కొట్లో జాగ్రత్తగా వెనక అట్ట విప్పించు. అడుగున తెల్ల అంచు మిగిలుంటే ప్రెస్సు పేరు ఉండొచ్చు. పాతకాలంలో ఫ్రేముకి సరిపోలేదని ఆ అంచే కత్తిరించేసేవారు, వాళ్లనేమనాలో! తర్వాత భూతద్దం పెట్టు. రంగు చుక్కలు చిన్న చిన్న పూలలా ఒకే తీరుగా పేర్చినట్టుంటే ఈమధ్య వేసిన ఆఫ్‌సెట్ ప్రింటే. చుక్కలు చిన్నా పెద్దా కలిసి అడ్డదిడ్డంగా ఉంటే రాతి అచ్చు కావచ్చు.

ఇక చమ్కీల సంగతి. అదే ప్రింటు ఊరూరా ఉండొచ్చు, ఆ జరీ పని మాత్రం మీ ఇంట్లో తప్ప ఎక్కడా లేదు. ఆ పటం మీద నేరుగా పడిన చెయ్యి రవివర్మది కాదు, మీ మామ్మది. ఇలా బట్ట, పూసలు కుట్టిన పాత పటాలను ఏరికోరి సేకరించేవాళ్లున్నారు. పీకితే కాగితం చిల్లులు పడుతుంది, ధర ఇంకా పడిపోతుంది. మామ్మ పేరు, ఊరు, ఏ ఏడు కుట్టిందో ఒక కాగితం మీద రాసి ఫ్రేము వెనక కవరులో పెట్టు.

ప్రశ్న: బొబ్బిలి వీణ మీద చేసినవాళ్ల పేరు లేకపోతే అసలుది కానట్టేనా?
- ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: పేరుకంటే ముందు అతుకు చూడండి. ఏకాండి వీణ అయితే కుండా (గుండ్రటి బుర్ర), దండీ (పొడుగాటి మెడ) ఒకే పనస దుంగలోంచి వస్తాయి. వీలైతే బొబ్బిలి దగ్గరి గొల్లపల్లి వెళ్లి, చేస్తున్నవాళ్ల దగ్గరే కొనండి. బిల్లు మీద పేరు రాయించుకోండి, రాస్తారు.