కొట్లో 5 లీటర్ల ఐపీఏ డబ్బా పెట్టుకోవచ్చా?

గుంటూరు అరండల్‌పేటలో మొబైల్ రిపేరు కొట్టు తెరవబోతున్నానని, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను (ఐపీఏను) చిన్న సీసాలుగా కొనేకంటే 5 లీటర్ల డబ్బాగా కొంటే బాగా కలిసివస్తోందని, దానిని కొట్లో పెట్టుకోవడంలో ఇబ్బంది ఏమైనా ఉందా అని మీరు అడిగారు. ‘అదీ శానిటైజర్ లాంటిదే కదా’ అని చివర ఒక మాట కూడా చేర్చారు. డబ్బా కొనుక్కోండి, అందులో తప్పేమీ లేదు. నా అభ్యంతరమంతా ఆ చివరి మాట మీదే. విజయవాడ గవర్నరుపేటలో పద్నాలుగేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. ఆ మాట ఒకప్పుడు నేనూ అనేవాడిని.

2021 కార్తికమాసంలో ఒక సోమవారం, దుర్గాఘాట్‌లో స్నానానికి వెళ్లి ఫోను కృష్ణలో జారవిడుచుకున్న ఒక పెద్దాయన సాయంత్రం ఆరు దాటాక మా కొట్టుకు వచ్చారు. నీళ్లు దిగిన ఫోను విప్పి, బోర్డును ఐపీఏలో కడిగి, బ్రష్షుతో రుద్ది ఆరబెట్టడం మాకు రోజూ ఉండే పనే. నా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు డబ్బా వంచి స్టీలు పళ్లెంలో పోయబోయాడు. నిండు డబ్బాను వంచితే ధార ఒక్కసారిగా ఎగదన్నుతుంది కదా, పావు లీటరు దాకా నేలపాలైంది. వాడు దానిని బనియన్ గుడ్డతో అద్ది, ఆ గుడ్డను బల్ల కిందికే తోసి, డబ్బాను మూత పెట్టకుండానే బల్ల మీద ఉంచి ఫోను పనిలో పడ్డాడు. నాకు ఇదేమీ తెలియదు. ఇంటి దగ్గరనుంచి తెచ్చిన రెండు ప్రమిదలను నేను గడప దగ్గర వెలిగిస్తున్నాను. గాలికి దీపం నిలవడం లేదని ఫ్యాను కట్టేశాను, షట్టరు సగానికి దించాను.

బల్లకూ గడపకూ మధ్య ఎనిమిది అడుగుల దూరం ఉంటుంది. ఓ పది నిమిషాలు గడిచాయేమో, గడప దగ్గరి దీపం ఉన్నట్టుండి ఉబ్బినట్టయి, అక్కడినుంచి నేల మీదుగా నీలిమంట ఒకటి బల్ల వైపు పరుగెత్తింది. పెద్ద చప్పుడేమీ లేదు, తడి దుప్పటిని ఒక్కసారి దులిపినట్టు వినిపించిందంతే. బల్ల కింది గుడ్డ అంటుకుంది, కుర్రాడి ప్యాంటు అంచు అంటుకుంది. వాడు ‘అన్నా!’ అని అరిచేసరికి నా చెయ్యి అలమరలో ఉన్న నీళ్ల సీసా మీదికి వెళ్లింది. మూత తిప్పగానే ముక్కుకు వాసన తగిలింది. అది నీళ్లు కాదు. మొన్ననే నేనే పాత నీళ్ల సీసాలో పోసి పెట్టుకున్న ఐపీఏ. ఆ సీసా చేతిలో పట్టుకుని కొయ్యలా నిలబడిపోయాను. పక్కన టీ కొట్టు బాబాయి తన నీళ్ల డ్రమ్ముకు చుట్టిన తడి గోనెపట్టా లాక్కొచ్చి, మొదట కుర్రాడి కాళ్లకు చుట్టి, తరువాత గుడ్డ మీద కప్పి, ‘మెయిన్ ఆపరా ముందు’ అని నన్ను కేకేశాడు. కుర్రాడి చీలమండ దగ్గర బొబ్బలు లేచాయి, కాలి వెంట్రుకలు కమిలిపోయాయి. కుళాయి నీళ్ల కింద ఇరవై నిమిషాలు కాలు పెట్టించి ఆసుపత్రికి తీసుకెళ్లాము. పదిహేను రోజులకు వాడు మళ్లీ పనిలోకి వచ్చాడు.

పెద్దాయనతో సహా అందరూ అడిగిన ప్రశ్న ఒక్కటే: ‘ఒలికింది బల్ల దగ్గరైతే మంట గడప దగ్గర ఎలా పుట్టింది?’ ఐపీఏ ఆవిరి గాలికంటే రెండింతలు బరువైనది. అది పైకి లేవదు, పొగలా కంటికి కనబడదు, వాగునీరులా పల్లం వెతుక్కుంటూ నేలబారున పాకుతుంది. మండేది ఆ ఆవిరే గాని సీసాలోని ద్రవం కాదు. గాలిలో ఆ ఆవిరి 2 శాతం చేరితే చాలు, 12 శాతం దాటేవరకు అది నిప్పు తగిలితే మండే గాలే. పావు లీటరు పూర్తిగా ఆవిరైతే సుమారు 80 లీటర్ల ఆవిరి అవుతుంది; దానికి 4,000 లీటర్ల గాలిని మండే గాలిగా మార్చే శక్తి ఉంది. ఎనిమిది అడుగుల వెడల్పు, పది అడుగుల పొడవు ఉన్న మా కొట్టులో ఆ గాలిని నేల మీద పరిస్తే ఇంచుమించు మోకాలి ఎత్తు వస్తుంది. ఒలికినదంతా పది నిమిషాల్లో ఆవిరై ఉండదు, కాని గడపను చేరడానికి అంతా అవసరం లేదు. ఫ్యాను తిరుగుతూ, షట్టరు పూర్తిగా ఎత్తి ఉంటే అది చెదిరిపోయేది. దీపం ఆరకూడదని నేను చేసిన రెండు పనులూ దానికే కలిసివచ్చాయి.

డబ్బా బల్ల మీద ఉండబట్టి ఆవిరి మంట దాని మూతి దాకా రాలేదు. దీనిని అదృష్టమనే చెప్పాలి, ఎందుకంటే ఐపీఏ డబ్బాలో పెట్రోలు ట్యాంకుకు లేని గుణం ఒకటి ఉంది. పెట్రోలు ట్యాంకు లోపల ఆవిరి మామూలుగా మరీ చిక్కగా ఉండి, గాలి చాలక, లోపల మండదు. ఐపీఏ డబ్బాలో ఖాళీగా ఉన్న భాగంలోని ఆవిరి, 25, 30 డిగ్రీల వేడి దగ్గర, సరిగ్గా మండే హద్దుల మధ్యనే ఉంటుంది. నిండు డబ్బాకంటే సగం అయిపోయిన డబ్బాకు నేను ఎక్కువ భయపడతాను.

ఇక శానిటైజర్ సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన, చేతులకు రాసుకునే శానిటైజర్ మిశ్రమాల్లో ఒకదానిలో ఐపీఏ 75 శాతమే ఉంటుంది, మిగిలినదానిలో ఎక్కువ భాగం నీరే. మనం బోర్డులు కడిగేది 99 శాతం పైబడిన సరుకు. దీని ఆవిరి నిప్పు అందుకోవడానికి 12 డిగ్రీల వేడి చాలు. మార్గశిరంలో తెల్లవారుజామున కూడా మన కొట్ల లోపల అంత చల్లగా ఉండదు, ఇక మే నెలలో గుంటూరు ఎండ సంగతి మీకు నేను చెప్పాలా? ‘చలికాలం కదా, పరవాలేదు’ అనేవారిని చూస్తే అందుకే నాకు ఒళ్లు మండుతుంది. పైగా శానిటైజర్ కూడా అమాయకమైనదేమీ కాదు. 2020 జులై చివర ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం దొరకక శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు.

ఈ వ్యాపారంలో నాకు తీరని కోపం ఒకటుంది. తక్కువ ధరకు ఇస్తామంటూ చీటీ లేని డబ్బాలో పోసి అమ్మే సరుకులో మిథనాల్ అనే విషపు ఆల్కహాలు కలుపుతారని నా గట్టి అనుమానం. రెండూ నీళ్లలాగే ఉంటాయి, రెండూ బోర్డును శుభ్రం చేస్తాయి. కాని మిథనాల్ మంట పగటి వెలుగులో దాదాపు కనబడదు, అది కడుపులోకి వెళ్తే కంటి చూపు పోతుంది, చర్మం గుండా కూడా ఒంట్లోకి దిగుతుంది. మీరు కొనే డబ్బా మీద పదార్థం పేరు, ఎర్రని వజ్రాకారపు గుర్తులో మంట బొమ్మ, 1219 అనే సంఖ్య (ఐపీఏకు ఐక్యరాజ్య సమితి ఇచ్చిన గుర్తింపు సంఖ్య) ఉన్నాయేమో చూడండి. అవి లేని డబ్బా ఎంత చవకైనా తెచ్చుకోవద్దు.

రిపేరు కొట్లలో మంటలు రేగినప్పుడల్లా ‘షార్ట్ సర్క్యూట్’ అని తేల్చేస్తారు. అందులో సగం బల్ల కింది తడిగుడ్డల పనేనని నా నమ్మకం. రుజువు అడిగితే మాత్రం నా దగ్గర ఆ ఒక్క సాయంత్రమే ఉంది. సోల్డరింగ్ ఐరన్ గురించి అందరూ భయపెడతారు గాని, దాని మొన మామూలుగా 350 డిగ్రీల దగ్గర ఉంటుంది, ఐపీఏ ఆవిరి నిప్పురవ్వ లేకుండా తనంతట తాను అంటుకోవడానికి 400 డిగ్రీలకు అటూ ఇటూ కావాలి. చిప్పులు ఊడదీయడానికి వేడి పెంచిన హాట్ ఎయిర్ గన్ ఆ హద్దు దాటేస్తుంది. అంతకంటే నాకు అనుమానం నేలమీద పెట్టే ఇన్వర్టరు మీద. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా దాని లోపల ‘టిక్’మంటుంది చూడండి, అక్కడ చిన్న నిప్పురవ్వ పుట్టవచ్చు, అదీ సరిగ్గా ఆవిరి పాకే ఎత్తులోనే.

ఇప్పుడు మా కొట్లో బల్ల మీద ఉండేది నొక్కితే కొంచెం కొంచెంగా ఊరే 200 మిల్లీలీటర్ల పంపు సీసా ఒక్కటే. పెద్ద డబ్బా వెనుక వరండాలో నీడపట్టున, తాళం వేసిన ఇనుప పెట్టెలో ఉంటుంది. పొద్దున్నే, ఏ దీపమూ వెలిగించకముందు, బయటే గరాటు పెట్టి సీసా నింపుకుంటాము. నీళ్ల సీసాలో పోయడం మానేశాము. తడిసిన గుడ్డలు మూతి బిగించే రేకు డబ్బాలోకి వెళ్లి, సాయంత్రానికి బయట ఆరతాయి. కడిగిన బోర్డు పూర్తిగా ఆరేదాకా హాట్ ఎయిర్ చూపించము, బ్యాటరీ తగిలించము. వేడి చేసే అల్ట్రాసోనిక్ తొట్టిలో (శబ్ద కంపనాలతో కడిగే తొట్టిలో) నేరుగా ఐపీఏ పోసి కడగడం వీడియోల్లో చూసి కొందరు మొదలుపెట్టారు, దయచేసి ఆ పని చేయకండి. మంట ఆర్పడానికి గోడకు కార్బన్ డయాక్సైడ్ సిలిండరు తగిలించాను. పొడి సిలిండరు కూడా పనిచేస్తుంది గాని బోర్డులన్నీ పిండి చల్లినట్టవుతాయి. మామూలు నురుగు సిలిండరు ఆల్కహాలు మీద నిలవదు, విరిగిపోతుంది. ఐపీఏ నీళ్లలో పూర్తిగా కలిసిపోతుంది కాబట్టి బాగా నీళ్లు పోస్తే పలచబడి ఆరుతుంది, అయితే కరెంటు ఆపకుండా పోయకండి, ధారగా కొట్టి మంటను చిమ్మించకండి. అదుపు తప్పుతున్నట్టుంటే బయటికి వచ్చి 101కి ఫోన్ చేయండి.

కొట్టు ఇంకా అద్దెకు తీసుకోకపోతే ఒక్కటి చూసుకోండి. మన ఊళ్లలో షట్టరు కొట్టు కట్టే ప్రతివాడూ గాలి కోసం పైకప్పు దగ్గర ఒక కన్నం పెట్టి ఎగ్జాస్ట్ ఫ్యాను బిగిస్తాడు. వంటింటి పొగకైతే అది సరే, నేల మీద పాకే ఆవిరికి దానితో పెద్దగా ఉపయోగం లేదు. నేలకు జానెడు ఎత్తున వెనుక గోడలో కన్నం ఉండాలి. మా యజమానిని రెండు ఇటుకలు తీయడానికి ఒప్పించేసరికి నాకు ఏడు నెలలు పట్టింది, అదీ అద్దె పెంచుకున్న తరువాతే.