తలలు ఎక్కడ లెక్కపెట్టారో రాయి

చిరంజీవికి ఆశీస్సులు.

మలేషియాలో పెరాక్ రాష్ట్ర ప్రభుత్వం 2009లో కూలిన గొడవ మీద నువ్వు రాసిన నవల మావాడు ప్రింటు తీసి ఇచ్చాడు. మూడో అధ్యాయం దాకా ఓపిగ్గానే చదివాను. అక్కడ సుల్తాన్ గారు కువాలా కంగ్సార్ రాజభవనంలో కిటికీ దగ్గర నిలబడి, చంద్రుణ్ణి చూస్తూ, రాజధర్మం గురించి నాలుగు పేజీలు కుమిలిపోయేసరికి ఒళ్ళు మండింది. ఇది ఏ సుల్తాన్ కథ అమ్మా? పెరాక్‌లో 2009లో గద్దె మీద ఉన్నది అజ్లాన్ షా. 1984లో సుల్తాన్ కాకముందు ఆయన మలేషియా న్యాయవ్యవస్థకే అధిపతి. రాజు అధికారానికి హద్దులేమిటో జీవితమంతా చదివిన, చెప్పిన మనిషి. అలాంటాయన దగ్గరికి ముఖ్యమంత్రి నిజార్ వచ్చి అసెంబ్లీని రద్దు చెయ్యమని అడిగాడు. చంద్రుడితో ఆయనకేం పని? ఆ రాత్రి ఆ భవనంలో రాజ్యాంగం పుస్తకం తెరిచే ఉండి ఉంటుంది. అందులో పదహారో అధికరణం, ఆరో క్లాజు: మెజారిటీ పోయిన ముఖ్యమంత్రి, తన కోరిక మీద సుల్తాన్ సభని రద్దు చేస్తే తప్ప, రాజీనామా ఇవ్వాలన్నది. నీ నవల అక్కడుంది. నువ్వు కిటికీ దగ్గర నిలబడ్డావు.

నేను చాలాకాలంగా మొత్తుకుంటున్నది ఒకటే. రాజకీయ కథ రాసేవాడు మనుషుల మనసుల్లోకి దూరకూడదు. ఎవరు ఏ గదిలో ఉన్నారు, తలుపు ఎవరు వేశారు, తాళం ఎవరి జేబులో ఉంది, కాగితం మీద తేదీ ఉందా లేదా, ఇవి రాస్తే చాలు. మిగతాది పాఠకుడికి దానంతటదే తెలుస్తుంది. ఈ మాట అన్నందుకు నన్ను ఎండుకట్టె రచయిత అన్నవాళ్ళున్నారు. అననీ.

కాగితం అంటే గుర్తొచ్చింది. పెరాక్ గొడవంతటికీ ప్రాణం తేదీ లేని రాజీనామా పత్రాల్లో ఉంది. నువ్వు వాటిని ఒక్క వాక్యంలో దాటేశావు. అసలు ఆ పత్రాలు ఎందుకు రాయించుకోవాల్సి వచ్చిందో ఆలోచించావా? మనకి 1985లోనే ఫిరాయింపుల చట్టం వచ్చింది. అది ఎంత చక్కగా పనిచేస్తోందో నీకూ తెలుసు, నాకూ తెలుసు, అది వేరే సంగతి. వాళ్ళకి అప్పట్లో అదీ లేదు, 2022లో గాని రాలేదు. కెలంతాన్ రాష్ట్రం అలాంటి చట్టం చేసుకుంటే 1992లో వాళ్ళ సుప్రీంకోర్టు కొట్టేసింది. సంఘంలో చేరే హక్కుకి అది అడ్డమట. కాబట్టి అప్పట్లో అక్కడ పార్టీ మారినవాడి సీటు వాడిదే. అందుకే పార్టీలు ముందుజాగ్రత్తగా సంతకాలు పెట్టించుకుని, తేదీ చోటు ఖాళీగా ఉంచుకున్నాయి. తీరా అవసరం పడి స్పీకర్ శివకుమార్ ఆ పత్రాలు ఎన్నికల సంఘానికి పంపితే, సీట్లు ఖాళీ అయినట్టు మేం ఒప్పుకోం అంది. సంతకం పెట్టేటప్పుడు బల్ల దగ్గర ఎవరెవరున్నారు? పెన్ను ఎవరిచ్చారు? నవ్వుకుంటూ పెట్టారా? అది రాయి, నీ నాలుగు పేజీల వెన్నెలా నీకే అక్కర్లేకుండా పోతుంది.

ఇంకో తప్పు పని చేశావు. 1984లో మన ఎమ్మెల్యేల్ని కర్ణాటక తరలించిన కథని మక్కీకి మక్కీ పెరాక్ రాజధాని ఈపోలో దించావు. బస్సులు, గెస్ట్‌హౌసు, పేకాట, అన్నీ. అక్కడ జరిగింది అది కాదు. ఇద్దరు సభ్యులు, లంచం కేసు విచారణలో ఉన్నవాళ్ళు, కొన్ని రోజులు కనబడకుండా పోయారు. వెతుకుతుండగానే డిప్యూటీ స్పీకర్ హీ యిట్ ఫూంగ్ కూడా తన పార్టీకి దూరమైంది. ఆ తర్వాత వాళ్ళంతా ఉప ప్రధాని నజీబ్ రజాక్ పక్కన ప్రెస్‌మీట్‌లో తేలారు. అంతే. 2008 మార్చిలో 59 సీట్లలో 31 గెలిచిన కూటమి 28కి పడిపోయింది. అవతల 28, స్వతంత్రులమని చెప్పుకుంటూ వాళ్ళకి మద్దతిచ్చిన ముగ్గురు.

ఇక్కడ నీకు ఇంకొకటి దొరకాలి, దొరకలేదు. ఆ కూటమిలో మూడు పార్టీలు. ఆ 31లో ఎక్కువగా చైనీయులుండే డీఏపీవి 18, పీకేఆర్‌వి 7, ఇస్లామిక్ పార్టీ పాస్‌వి 6. ముఖ్యమంత్రి అయింది మాత్రం ఆరు సీట్ల పాస్ నుంచి నిజార్ జమాలుద్దీన్. ఎందుకంటే మెంత్రీ బెసార్, అంటే ముఖ్యమంత్రి, మలయ్ ముస్లిం అయి ఉండాలని ఆ రాష్ట్ర రాజ్యాంగం. పద్దెనిమిది సీట్లున్నవాళ్ళు ఆరు సీట్లవాడి వెనక కూర్చునే ఆ మొదటి మీటింగు ఎలా ఉండి ఉంటుంది! దాన్ని వదిలేసి పేకాట రాశావు.

నేను పత్రికలో విదేశీ వార్తల డెస్కు మీద ఉండేవాణ్ణి. టెలిప్రింటర్ల కాలం పోయి కంప్యూటర్లొచ్చాక కూడా, 2009 మార్చి 3న నాకు ఒళ్ళు జలదరించిన వార్త ఒకటి వచ్చింది. ఈపోలో సచివాలయం తలుపులు మూసేస్తే, స్పీకర్ బయట చెట్టు కింద అసెంబ్లీ జరిపేశాడు. నిజార్ మీద విశ్వాసం ప్రకటిస్తూ, సభ రద్దు కోరుతూ తీర్మానాలు కూడా చేశారు. మూడు కాలమ్‌ల వార్త రాసిచ్చాను. మా పెద్దమనిషి దాన్ని రెండు లైన్లు చేసి, ఆ జాగాలో ఆడియో ఫంక్షన్ ఫోటో వేశాడు. అడిగితే, మలేషియాలో మనవాళ్ళెవరున్నారయ్యా అన్నాడు. పెరాక్‌లోని బాగన్ దాతుక్ కొబ్బరి తోటల్లో తరాలుగా ఉన్న తెలుగువాళ్ళ గురించి ఆయనకి చెప్పి లాభం లేదని ఊరుకున్నాను. ఆయన రిటైరయ్యాక మలేషియా టూర్ వెళ్ళొచ్చి నాకు చాక్లెట్లు ఇచ్చాడు, తిన్లేదు.

అన్నట్టు, నువ్వు మర్రిచెట్టు అని రాశావు. అది నిద్రగన్నేరు. మన పాత కలెక్టరేట్ల ఆవరణలో, రోడ్ల పక్కన గొడుగులా పరుచుకునేదే. ఊడలు దించకు.

మే 7 అధ్యాయం మళ్ళీ మొదట్నుంచీ రాయాలి. నువ్వు ఉపన్యాసాలతో నింపేశావు. ఆ రోజు ఒకే సభలో ఇద్దరు స్పీకర్లు. శివకుమార్ కుర్చీ దిగనంటాడు. అవతలి పక్షం గణేశన్‌ని ఎన్నుకున్నాం అంటుంది. చివరికి మఫ్టీ పోలీసులు వచ్చి శివకుమార్‌ని లాక్కెళ్ళారు. సభని ప్రారంభించడానికి వచ్చిన యువరాజు రాజా నజ్రిన్ ఇదంతా తేలేదాకా గంటల తరబడి కాచుకున్నాడు. ఆ గంటల్లో ఆయన ఎక్కడ కూర్చున్నాడు, ఎవరు టీ తెచ్చారు, టీ తెచ్చినవాడు ఏ మొహం పెట్టుకుని తెచ్చాడు? ఆ నౌకరే నీ కథానాయకుడు కావచ్చు. నేను జిల్లా పరిషత్ అవిశ్వాసం మీద కథ రాసినప్పుడు హాజరు పుస్తకం మోసే అటెండరుని పెట్టాను. ఒక వారపత్రిక సంపాదకుడు, ఇందులో హీరో ఎవరండీ అని తిప్పి పంపాడు. కొసమెరుపు లేదట. అప్పట్లో కొసమెరుపు, తర్వాత మాయావాస్తవికత, ఇప్పుడేదో ఆటోఫిక్షన్ అంటున్నారు. అటెండరు మాత్రం ఇప్పటికీ ఏ ఫ్యాషన్‌లోకీ రాలేదు.

అసలు ప్రశ్న నీకు అందిందా అని నా అనుమానం. మెజారిటీ పోయిందని ఎవరు తేల్చాలి? సుల్తాన్ అవతలి 28 మందినీ, వాళ్ళకి మద్దతిచ్చిన ముగ్గురినీ, మొత్తం 31 మందినీ రాజభవనానికి పిలిపించుకుని అడిగి తేల్చుకున్నాడు. నిజార్‌ని రాజీనామా చెయ్యమన్నాడు, ఫిబ్రవరి 6న అవతలి కూటమి జాంబ్రీ అబ్దుల్ కాదిర్ చేత ముఖ్యమంత్రిగా ప్రమాణం చేయించాడు. బయట జనం రోడ్డుకి అడ్డం పడ్డారు. సభలో ఓటు జరక్కుండా ముఖ్యమంత్రి ఎలా దిగుతాడని నిజార్ కోర్టుకెక్కాడు. సరవాక్ రాష్ట్రంలో 1966లో ముఖ్యమంత్రి నింగ్కాన్ కేసు తీర్పు ఆయన వైపే ఉంది. మే 11న హైకోర్టు ఆయనే ముఖ్యమంత్రి అంది. మర్నాడే స్టే. మే 22న అప్పీలు కోర్టు తిరగేసింది. 2010 ఫిబ్రవరిలో ఫెడరల్ కోర్టు అయిదుగురు జడ్జీలూ ఏకగ్రీవంగా, ఓటే అక్కర్లేదు, బలం లేదని వేరే రకంగా తెలిసినా చాలు అన్నారు. నా మటుకు హైకోర్టు మాటే సబబు. తలలు సభలోనే లెక్కపెట్టాలి. పదేళ్ళు తిరిగాక, 2020 డిసెంబరులో, అదే పెరాక్ అసెంబ్లీలో ముఖ్యమంత్రి ఫైజల్ అజుము విశ్వాసం కోరితే 10 మంది ఔనన్నారు, 48 మంది కాదన్నారు. అప్పుడు గద్దె మీద ఉన్నది ఆ కాచుకున్న యువరాజే. ఇది నీ నవలలో లేదు! 2009తో ఆపేశావు.

సుల్తాన్ నిర్ణయాన్ని కోర్టులో ప్రశ్నించవచ్చు అన్న ఒక్క మాటకి డీఏపీ నాయకుడు, లాయరు కర్పాల్ సింగ్ మీద రాజద్రోహం కేసు పెట్టారు. 2010లో వదిలేశారు, 2014లో దోషి అని 4000 రింగిట్లు జరిమానా వేశారు, ఆ ఏప్రిల్‌లోనే ఆయన రోడ్డు ప్రమాదంలో పోయాడు. 2019లో నిర్దోషి అని తేల్చారు. దీన్ని నువ్వు ఫుట్‌నోట్‌లో పెట్టావు. ఫుట్‌నోట్‌లో!

బాగన్ దాతుక్ అవ్వ బాగుంది. మనవడితో, 'మనం ఎవరికి ఓటేశామో వాళ్ళకి గుర్తుందంటావా' అంటుంది చూడు, అక్కడ కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. ఆమెని ముట్టుకోకు.

ఏ పబ్లిషర్‌కి పంపాలి, ముందుమాట ఎవరితో రాయించాలి అని అడిగావు. తర్వాత చూద్దాం. ముందు బోటా నియోజకవర్గం సభ్యుడు నసరుద్దీన్ హషీమ్ సంగతి రాసి పంపు. జనవరి 25న అవతలి కూటమిలో పెద్ద పార్టీ ఉమ్నోని వదిలి పీకేఆర్‌లో చేరాడు, ఫిబ్రవరి 4కల్లా తిరిగి ఉమ్నోకే వెళ్ళాడు. ఆ పది రోజులూ నిజార్ వాళ్ళు తమకి 32 మంది ఉన్నారని లెక్కేసుకున్నారు. ఆ పది రోజుల్ని పది పేజీల్లో, ఎవరి మనసులోకీ వెళ్ళకుండా రాయి. ఈసారి అక్షరం సైజు పద్నాలుగు పెట్టు, కళ్ళు లాగుతున్నాయి.