వాట్సాప్ గ్రూపులోంచి తేదీ, రొయ్య ధర మాత్రమే బయటకు తీయడం ఎలా?

రొయ్యల గ్రూపులో ఏడాదిన్నర మెసేజ్‌లు ఉన్నాయి, వాటిలోంచి 100 కౌంట్ (కిలోకి వంద తూగే సైజు) ధర, తేదీ మాత్రం కావాలి, ప్రోగ్రామింగ్ రాదు అన్నారు. అక్కర్లేదండి. మొగల్తూరు దగ్గర మా బాబాయి చెరువుల కోసం ఇదే పని కంప్యూటర్లో నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ అనే టెక్స్ట్ ఎడిటర్ మాక్రోతో చేశాను. మాక్రో అంటే మనం నొక్కిన కీలను ఒకసారి రికార్డు చేసుకుని, మళ్లీ మళ్లీ నడిపించడం.

వాట్సాప్‌లో చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి, ఆ ఫైలు కాపీ మీదే పని చేయండి. సెర్చ్ మెనూలో మార్క్ తెరిచి, 100 కౌంట్ అని మీ గ్రూపులో రాసే తీరులోనే కొట్టి, బుక్‌మార్క్ లైన్‌కి టిక్ పెట్టి మార్క్ ఆల్ నొక్కండి. బుక్‌మార్క్ లేని లైన్లను తీసేసే ఆప్షన్ కూడా ఆ మెనూలోనే ఉంది. గుడ్ మార్నింగులు, మేత ప్రకటనలు అన్నీ పోతాయి.

ఇక మిగిలిన లైన్లలో ముందు తేదీ, చివర ధర, మధ్యలో పంపినవాళ్ల పేరు. ఆ పేరు దగ్గరే నేను దెబ్బతిన్నాను. కుడి బాణం ఇన్నిసార్లు అని లెక్కపెట్టి రికార్డు చేశాను. పేర్ల పొడవు మారేసరికి ధరల కాలమ్‌లోకి ఫోన్ నంబర్ల ముక్కలు వచ్చాయి. "ఇంత ధర ఎప్పుడు పలికిందిరా?" అని బాబాయి అడిగేదాకా చూసుకోలేదు. ఆయన ఆ లెక్కతోనే పట్టుబడి ఎప్పుడో తేల్చుకోవాలి మరి.

అందుకే ధరను వెనక నుంచి పట్టుకోండి. కర్సర్ మొదటి లైను మొదట్లో పెట్టి రికార్డింగ్ మొదలుపెట్టండి. ఎండ్ నొక్కి, కంట్రోల్, షిఫ్ట్ పట్టుకుని ఎడమ బాణం ఒకసారి కొడితే ధర సెలెక్ట్ అవుతుంది. కట్ చేసి, హోమ్ నొక్కి, కంట్రోల్‌తో కుడి బాణం కొడుతూ తేదీ తర్వాతి కామా ముందు ఆగండి. ట్యాబ్, పేస్ట్. తర్వాత షిఫ్ట్‌తో ఎండ్, డిలీట్. చివరగా కింది బాణం, హోమ్. ఈ ఆఖరి రెండూ మరిచిపోతే మాక్రో ఆ లైను మీదే తిరుగుతుంది. మౌస్ వాడకండి, క్లిక్‌లు రికార్డు కావు.

రికార్డింగ్ ఆపి, ముందు ఐదు లైన్ల మీద మాక్రో నడిపి చూసి, సరిగ్గా వస్తే ఫైలు చివరిదాకా నడపండి. లైను చివర ఖాళీలుంటే ధరతో పాటు అవీ వచ్చేస్తాయి, ఎడిట్ మెనూలో ట్రిమ్ ట్రెయిలింగ్ స్పేస్ ముందే కొట్టేయండి.

కొందరు బయ్యర్లు 30 నుంచి 100 దాకా అన్ని కౌంట్లూ ఒకే మెసేజ్‌లో, ఒక్కోటి ఒక్కో లైనులో పెడతారు. ఎక్స్‌పోర్ట్‌లో తేదీ మొదటి లైనుకే ఉంటుంది కాబట్టి వాటికి ఈ మాక్రో పనికిరాదు. నేనైతే వాటిని వేరే ఫైల్లో పెట్టుకుని చేత్తోనే రాసుకున్నాను.