క్రీస్తు రెండో రాకడ గురించి ఒక్కో సంఘం ఒక్కోలా చెబుతుంటే ఏది నమ్మాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: ఈ పదేళ్లలోనే సంఘం ఎత్తబడుతుందని (అంటే విశ్వాసుల్ని క్రీస్తు పైకి తీసుకుపోతాడని), ఆ తర్వాత ఏడేళ్ల శ్రమలు, క్రీస్తుకి విరోధిగా లేచే అంత్యక్రీస్తు, అతని ముద్ర అని మీ కాపరిగారు వారం వారం చెబుతున్నారు, మీ మేనత్త వాళ్ల సీఎస్ఐ చర్చిలో ఆ ఊసే లేదు, ఇక పీజీలో చేరడం ఎందుకని మీకు టెన్షన్ పట్టుకుంది. ముందు దానికి జవాబు చెప్తాను: చేరండి. ఫీజు గడువు దాటనివ్వకండి. ప్రభువు దినం వచ్చేసిందని ఎవరో థెస్సలొనీక వాళ్లని కంగారు పెడితే పౌలు వాళ్లకి రెండో పత్రిక రాశాడు, అదే పత్రికలో నెమ్మదిగా పని చేసుకుని సొంత కష్టం తినమన్నాడు.

నేను ఈ రెండు బోధల మధ్యే పెరిగాను. నాన్నగారి వైపు గుంటూరు లూథరన్లు, అమ్మ వైపు నర్సాపురం దగ్గర బ్రదరెన్లు, రెండూ ప్రొటెస్టెంట్ శాఖలే. సెలవులకి వెళ్తే అమ్మమ్మ వాళ్ల మందిరంలో గోడకి పొడవాటి గుడ్డ పటం వేలాడుతుండేది. ఎడమ చివర ఏదెను, కుడి చివర కొత్త యెరూషలేము, మధ్యలో వరసగా, దేవుడు మనుషులతో వ్యవహరించే ఏడు యుగాలకి ఏడు వలయాలు. ఆరో వలయం చివర ఒక బాణం పైకి, అంటే సంఘం ఎత్తబడటం, కొంచెం పక్కన ఇంకో బాణం కిందికి, అంటే క్రీస్తు భూమ్మీదికి రావడం, ఆ రెండింటి మధ్య జానెడు జాగాకి ఎర్రరంగు. అదే ఏడేళ్ల శ్రమలు. తాతయ్య కర్ర పట్టుకుని అక్కడికి రాగానే గొంతు తగ్గించేవారు, పిల్లలం భయంతో ఒకరినొకరు పట్టుకునేవాళ్లం. నాన్నగారి చర్చిలో పటాలు లేవు. ప్రతి ఆదివారం అందరూ లేచి నిలబడి, సజీవులకూ మృతులకూ తీర్పు తీర్చడానికి ఆయన తిరిగి వస్తాడని విశ్వాస ప్రమాణంలో చెప్పేవాళ్లు, అంతే.

ఈ తేడా మన ఊళ్లలో పుట్టింది కాదు. ఎత్తబడటం వేరు, రాకడ వేరు, మధ్యలో ఏడేళ్లు అనే క్రమాన్ని 1830ల్లో ప్రచారంలోకి తెచ్చినవాళ్లలో ముఖ్యుడు బ్రిటన్‌లోని బ్రదరెన్ బోధకుడు డార్బీ, 1909లో వివరణలతో వచ్చిన స్కోఫీల్డ్ రెఫరెన్స్ బైబిల్ దాన్ని నలుమూలలకీ చేర్చింది. 1836లో మన దేశానికి వచ్చి తర్వాత నర్సాపురంలో స్థిరపడిన మిషనరీలు బ్రదరెన్లే. గుంటూరుకి 1842లో లూథరన్ మిషనరీ హేయర్ వచ్చారు, వాళ్ల 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన 17వ అంశం, తీర్పుకి ముందు భక్తులు ఈ లోక రాజ్యాన్ని ఏలుతారనే బోధని ఒప్పుకోదు. కాబట్టి మీ కాపరిగారూ మీ మేనత్త వాళ్ల అయ్యగారూ ఎవరూ బైబిల్ పక్కన పెట్టినవాళ్లు కాదు, ఎవరికి అందిన పద్ధతిలో వాళ్లు చదువుతున్నారు.

మరి ఆ ఎర్రజాగా ఎక్కడినుంచి వచ్చింది? ఎక్కువగా దానియేలు 9వ అధ్యాయం చివరి నాలుగు వచనాల మీదే నిలబడింది. దానియేలు ప్రజలకీ యెరూషలేముకీ అక్కడ నియమించిన కాలం డెబ్బై వారాలు, వారం అంటే ఏడేళ్లు, మొత్తం 490 ఏళ్లు. డార్బీ పద్ధతిలో 69 వారాలు క్రీస్తు దగ్గర ఆగిపోతాయి, అక్కడినుంచి సంఘ కాలమంతా లెక్కలోకి రాని విరామం, 70వ వారం ఇంకా రావాలి. 27వ వచనంలో ఒక వారం నిబంధన స్థిరపరిచే 'అతడు' అంత్యక్రీస్తు అంటారు. ఇంకో పక్క పాతకాలం నుంచీ చాలామంది, వారాలు ఆగకుండా వరసగానే నడిచాయి, 'అతడు' అంటే మెస్సీయే, బలులకి ముగింపు పలికింది ఆయన సిలువే, పట్టణం నాశనమవుతుందన్నది క్రీ.శ. 70లో రోమా సేనాని తీతు సైన్యం యెరూషలేముని కూల్చినప్పుడు జరిగింది అంటారు. నాకు ఈ రెండోదే సబబుగా తోస్తుంది, ఎందుకంటే ఆ వచనాల్లో విరామం ఉందని చెప్పే మాట నాకు ఎక్కడా కనబడలేదు.

ప్రకటన గ్రంథం సంగతీ అంతే. అది చాలావరకు మొదటి శతాబ్దపు రోమా గురించి అనేవాళ్లున్నారు (రోమా చక్రవర్తి నీరో కైసరు పేరుని హెబ్రీ అక్షరాల్లో రాసి, వాటి విలువలు కూడితే అందులోని మృగం సంఖ్య 666 వస్తుంది), సంఘ చరిత్ర అంతా అందులో వరసగా ఉందనేవాళ్లున్నారు, నాలుగో అధ్యాయం నుంచి అంతా భవిష్యత్తే అనేవాళ్లున్నారు, ఏ కాలానికైనా వర్తించే పోరాటమే ఆ చిత్రాల్లో ఉందనేవాళ్లున్నారు. ప్రకటన 20లో ఉన్న క్రీస్తు వెయ్యేళ్ల పరిపాలన మీదైతే రెండో శతాబ్దంలోనే భేదాలు: అప్పటి క్రైస్తవ రచయిత జస్టిన్ మార్టర్ తాను దాన్ని నమ్ముతానంటూనే, నమ్మని మంచి క్రైస్తవులు చాలామంది ఉన్నారని రాశాడు. తర్వాత బిషప్ అగస్టీన్ ఆ వెయ్యేళ్లు ఇప్పటి సంఘ కాలమే అన్నాడు. నేను అగస్టీన్ వైపు ఉంటాను, అమ్మమ్మ చివరిదాకా పటం వైపే. ఇద్దరం కలిసే ప్రార్థన చేసుకునేవాళ్లం.

నాకు కోపం వచ్చేది భేదాల మీద కాదు, భయపెట్టడం మీద. కోవిడ్ టీకాయే మృగం ముద్ర అని ఎవరో వాట్సాప్‌లో పంపితే, షుగర్ ఉన్న మా పిన్ని వేయించుకోనని మొండికేసింది. వాదించకుండా ప్రకటన 13 తెరిచి ఆమెతోనే పైకి చదివించాను. అక్కడ ముద్ర మృగానికి నమస్కరించడంతో ముడిపడి ఉంది, తెలియకుండా ఎవరికో సూదితో పడిపోయేది కాదు. వెంటనే 14వ అధ్యాయం మొదటి వచనంలో గొఱ్ఱెపిల్ల పేరు నొసళ్ల మీద ఉన్నవాళ్లు కనిపిస్తారు. "ఇదెవరూ చెప్పలేదేంట్రా" అంది పిన్ని. తర్వాత టీకా వేయించుకుంది. ఆధార్ వచ్చినప్పుడూ ఇదే గోల.

తేదీలు లెక్కకట్టినవాళ్లు కొత్తగా పుట్టుకొచ్చినవాళ్లేమీ కాదు. అమెరికా బోధకుడు మిల్లర్ అనుచరులు రాకడ 1844 అక్టోబర్ 22న అన్నారు, ఆ నమ్మకంతో కొందరు పంట కోయకుండా పొలంలోనే వదిలేశారు. 1948లో ఇశ్రాయేలు ఏర్పడింది కాబట్టి ఒక తరం 40 ఏళ్లు కలిపి 1988 అన్నారు. అమెరికా రేడియో బోధకుడు కేంపింగ్ 2011 మే 21 అన్నాడు. మత్తయి 24:36లో కుమారుడు కూడా ఎరుగడని ఉన్న తేదీ వీళ్లకెలా తెలిసిందో ఇలాంటి లెక్కలు చెప్పే సభల్లో అడిగినవాళ్లని అవిశ్వాసులన్నారు, నాకు అది చాలా బాధ.

మీరు చదవాలనుకుంటే మార్కు 13, లూకా 21 పక్కపక్కన పెట్టుకోండి. లూకా 21:20 దగ్గర ఆగి, యెరూషలేముని సైన్యాలు చుట్టుముట్టడం మొదట విన్నవాళ్లకి ఏమని అర్థమై ఉంటుందో ఆలోచించండి. ఆ తర్వాత ప్రకటన మొదటి మూడు అధ్యాయాలు, అవి పేరుపేరునా ఏడు ఊళ్ల సంఘాలకి రాసిన మాటలు. అది అయ్యాక మీ కాపరిగారి దగ్గరికి వెళ్లి, 69వ వారానికీ 70వ వారానికీ మధ్య విరామం ఏ వచనంలో ఉందని మర్యాదగా అడగండి. ఆయన ఏం చెప్పారో ఇక్కడ రాయండి, ఆ వచనం తెరిచి మాట్లాడుకుందాం.