మీటింగు నడపడం మా అమ్మ వాళ్ల సంఘంలో నేర్చుకున్నా

"టీమ్ మీటింగుల్లో అందరూ మాట్లాడతారు, పని మాత్రం ముందుకు పోదు, ఏం చేయాలి?" అని అడిగారు. ఎజెండా, ప్రొజెక్టరు లాంటివి పక్కన పెట్టి, ఒక నోటు పుస్తకం కొనండి.

నేను వరంగల్‌లో ఎనుమాముల మార్కెట్ దగ్గర ఒక మిర్చి కొనుగోలు ఆఫీసులో చేస్తాను. సీజన్‌లో బయట లారీలు ఆగి ఉంటే, లోపల మేము అన్‌లోడింగ్ ఎందుకు లేటవుతుందో గంటసేపు మాట్లాడుకునేవాళ్లం. ఒకరి ఫోన్ స్పీకర్‌లో ఉంటుంది, ఇంకొకరు "సార్ చెప్పిందే కరెక్టు" అంటారు, సమోసాలు వస్తాయి, అయిపోతుంది.

ఒక ఆదివారం పరకాల దగ్గర మా ఊరికి పోతే మా వాకిట్లోనే మహిళా సంఘం మీటింగు. చాప మీద పన్నెండు మంది. లీడరక్క కూర్చోగానే "పోయినసారి ఎవలు ఏం జేస్తమన్నరో సదువు" అంది. లోన్ కాగితాల కోసం బ్యాంకుకు పోతానన్న ఒక వదిన పోలేదు, కూలీలు దొరకలేదనీ మిర్చి ఏరాల్సి వచ్చిందనీ ఏదో చెప్పబోయింది. లీడరక్క కోప్పడలేదు. "పోలేదని రాయి. ఎప్పుడు పోతవ్ వదినా?" "మంగళారం." "మంగళారమని రాయి." అంతే, తర్వాత పొదుపు పైసలు లెక్కపెట్టారు, సంతకాలు పెట్టారు, నలభై నిమిషాల్లో లేచారు. సొంత వాకిట్లో మీటింగైనా వంటింట్లోంచి లేటుగా వచ్చినందుకు మా అమ్మ పది రూపాయల జరిమానా కట్టింది!

ఈ సంఘాలకు పంచసూత్రాలని ఉంటాయి. క్రమం తప్పకుండా మీటింగు, పొదుపు, అప్పులివ్వడం, వాయిదాలు కట్టడం, పుస్తకాలు సరిగ్గా రాయడం. మా ఆఫీసులో ఎంబీఏలు చేసినోళ్లున్నారు, ఆ ఐదోది ఒక్కరికీ తెలియదు. వాట్సాప్‌లో పెట్టాం కదా అంటారు. వాట్సాప్‌లో పెట్టింది గుడ్ మార్నింగ్ ఫోటోల కింద పోతుంది సార్.

సోమవారం నేనూ పుస్తకం తెరిచాను. పని, పేరు, తారీఖు, మూడే గడులు. మొదట్లో నవ్వారు. మూడో వారం మా కుర్రాడు అలవాటుగా చదువుతూ "గోనె సంచుల రేటు కనుక్కుంటానన్నది, మేనేజర్ సార్" అన్నాడు. గదిలో ఫ్యాను చప్పుడు ఒక్కటే. సార్ కనుక్కోలేదు. "కాలేదని రాయి" అని ఆయనే మెల్లగా అన్నారు.

ఆ తర్వాత నుంచి సార్ మీటింగుకు రావడం తగ్గించారు. ఇప్పుడు ఇరవై నిమిషాల్లో లేస్తున్నాం, సమోసాలు మాత్రం బందయ్యాయి.