డిగ్రీ మానేసి మ్యాజిక్ నేర్చుకుంటానంటున్నాడు!

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. పొద్దస్తమానం చేతిలో పేకముక్కలో, నాణేలో ఉండాల్సిందే. డిగ్రీ చదవను, మెజీషియన్‌నే అవుతానంటున్నాడు. టీవీలో చూపించేదంతా కెమెరా మాయ కాదా? ఇందులో నేర్చుకోవడానికి నిజంగా ఏముంది? - ఓ తండ్రి, హనుమకొండ

జవాబు: టీవీలో కెమెరా మాయ కొంత ఉంటుంది, కాదనలేం. మధ్యలో ఓ ముక్క కత్తిరించేస్తారు. ముందే మాట్లాడి పెట్టుకున్నవాళ్లను గుంపులో నిలబెడతారు. కానీ వృత్తి నిలబడేది దాని మీద కాదు. చూసేవాళ్లు ఎక్కడి నుంచి చూస్తున్నారు, ఏ క్షణంలో ఎటు చూస్తున్నారు - ఈ రెండూ మెజీషియన్ చేతిలో ఉండాలి. రహస్యాలు యూట్యూబ్‌లో ఊరికే దొరుకుతాయి. ఈ పట్టు మాత్రం దొరకదు.

ఉదాహరణకు 1865లో లండన్‌లోని ఈజిప్షియన్ హాల్లో మెజీషియన్ కల్నల్ స్టోడేర్ ప్రదర్శించిన 'స్ఫింక్స్' తీసుకోండి. మూడు కాళ్ల బల్ల, దాని మీద పెట్టె. పెట్టె తెరిస్తే అందులో తల ఉంటుంది, అడిగినదానికి జవాబు చెబుతుంది. బల్ల కింద ఖాళీగానే కనిపిస్తుంది. నిజానికి ముందు కాలి దగ్గర మొదలై వెనక రెండు కాళ్ల దాకా రెండు అద్దాలుంటాయి. వాటి మధ్య కోణం 90 డిగ్రీలు, ప్రేక్షకుడి చూపుకు ఒక్కోటి 45 డిగ్రీలు. ఆ అద్దాల్లో కనిపించేది పక్క తెరలే. వెనక తెర కూడా అదే గుడ్డ కావడంతో చూపు బల్ల కిందుగా వెనక్కి వెళ్లిందనుకుంటాం. మనిషి అద్దాల వెనక కూర్చుని, బల్లకున్న రంధ్రంలోంచి తల పైకి పెడతాడు. పెట్టెకు అడుగు ఉండదు. ఇంతే. మీవాడు చదువుతున్న ఫిజిక్స్‌లోని పరావర్తనమే ఇది!

ఇక ఇది ఎక్కడెక్కడ చెడుతుందో చూడండి. వెనక తెర ఎంత దూరంలో ఉందో పక్క తెరలూ అద్దం నుంచి అంతే దూరంలో ఉండాలి, వెలుగూ సమానంగా పడాలి. లేకపోతే గుడ్డ రంగు బల్ల కింద ఒకలా, బల్ల పక్కన ఇంకోలా కనిపిస్తుంది. నేల మీద గళ్ల తివాచీ వేస్తే గళ్లు కలవవు, సాదాది వేయాలి. అద్దాల అతుకు ముందు కాలి వెనక సరిగ్గా దాగాలి. అద్దం మీద ఒక్క వేలిముద్ర ఉన్నా అక్కడేదో గాజు ఉందని తెలిసిపోతుంది. ప్రదర్శించేవాడు బల్ల పక్కగా నడిచాడా, అతని కాళ్లు బల్ల కింద ప్రత్యక్షమవుతాయి. అందుకే ఎక్కడెక్కడ అడుగు పెట్టాలో ముందే సుద్దతో గుర్తు పెట్టుకుంటారు.

చేతి పనిలో కష్టం ఇంకో రకం. నాణెం మాయం చేయడాన్నే తీసుకుందాం. 27 మిల్లీమీటర్ల పది రూపాయల నాణెం సరిపోతుంది. కుడి చేతి వేళ్ల కొనలతో పట్టుకుని ఎడమ అరచేతిలో పెట్టినట్టు చేస్తారు. నిజానికి అది కుడి చేతి మధ్యవేలు, ఉంగరపు వేలు మొదళ్ల మడతలోనే ఉండిపోతుంది. ఎడమ చెయ్యి మూసుకుని పైకి లేస్తుంది, చూపు దాని వెంటే వెళుతుంది, కుడి చెయ్యి తీరిగ్గా కిందికి జారుతుంది. కొత్తవాళ్లలో ఎక్కువమంది దొరికిపోయేది వేళ్ల దగ్గర కాదు, కళ్ల దగ్గర. నాణెం ఉన్న చేతి వైపు ఓ దొంగచూపు పడిందంటే ఆట అయిపోయినట్టే. రెండో తప్పు, ఖాళీ గుప్పిటను వెంటనే తెరిచేయడం. రెండు మూడు సెకన్లు ఆగి, ఓ మాటో, ప్రశ్నో మధ్యలో పెట్టాలి. నాణెం చేయి మారిన క్షణాన్ని చూసేవాడు మరిచిపోవడానికి ఆ వ్యవధి కావాలి. సాధన ఎలాగంటే, ముందు నిజంగానే నాణెం పెడుతూ ఫోన్లో తీసుకోవాలి, తర్వాత ఉత్తుత్తిగా పెడుతూ తీసుకోవాలి. రెండు వీడియోలకూ తేడా కనిపిస్తున్నంత కాలం అది జనం ముందుకు రాకూడదు. ఎదురుగా ఒకటి, కుడి ఎడమ చివరి సీట్ల నుంచి చెరొకటి, మూడు వైపులా తీసుకోవాలి. ఇంట్లో అద్దం ముందు చేసే సాధన ఎదురు సీటుకే పనికొస్తుంది.

టీవీకి వచ్చేసరికి లెక్క మారుతుంది. వేదిక మీద నల్ల వెల్వెట్ ముందు నల్ల ముసుగు వేసుకున్న సహాయకుడు కనిపించకపోవడానికి కారణం, దీపాల వెలుగు ప్రేక్షకుడి కళ్ల వైపు పడటం. కెమెరా ఆటో ఎక్స్‌పోజర్‌లో (వెలుగును తనే సర్దుకునే పద్ధతిలో) ఉంటే చీకటిని పైకి లాగి గుడ్డ మడతలతో సహా చూపించేస్తుంది. ఎక్స్‌పోజర్ మాన్యువల్‌లో పెట్టమని ముందే అడగాలి. ఏ మాట దగ్గర ఏ కెమెరా, ఎప్పుడు దగ్గరి షాట్ వద్దు అన్నది కాగితం మీద రాసి డైరెక్టర్‌కు ఇవ్వాలి. అలాగని కీలక సమయంలో షాట్ మారిస్తే చూసేవాడు ఎడిటింగ్ అని తేల్చేస్తాడు, అక్కడ ఏకబిగిన ఒకే షాట్ ఉండాలి. టీవీ సమయమే ఆయుధం కాగలదని 1956 ఏప్రిల్‌లో బీబీసీ 'పనోరమా'లో మన మెజీషియన్ పి.సి. సర్కార్ చూపించారు. అమ్మాయిని రంపంతో కోసిన తర్వాత ఆమెను లేపబోతే చలనం లేదు, అంతలో కార్యక్రమం ముగించేశారు. నిజంగానే చనిపోయిందేమోనని బీబీసీకి ఫోన్లు వెల్లువెత్తాయి. అమ్మాయి క్షేమమే.

ఇక చదువు. డిగ్రీ మానేయడానికి నేను ఒప్పుకోను. పుట్టినరోజులు, స్కూళ్లు, కంపెనీ ఫంక్షన్లు - మొదటి ఏళ్లలో ఆదాయం ఇక్కడి నుంచే. సీజన్ దాటితే చేతులు ఖాళీ. ఎంపీసీ వాడు కాబట్టి బీటెక్‌లో మెకానికల్ తీసుకున్నా సామగ్రి తయారీకి పనికొస్తుంది. నటన, లైటింగ్ మీద మనసుంటే డిగ్రీ తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ పీజీ ఉంది. తిరువనంతపురంలో మెజీషియన్ గోపీనాథ్ ముత్తుకాడ్ స్థాపించిన మ్యాజిక్ అకాడమీ ఉంది. ఏ కోర్సుకైనా ఈ ఏడాది ప్రవేశాలున్నాయో లేదో నేరుగా కనుక్కున్నాకే డబ్బు కట్టండి. తెలుగువారిలో బి.వి. పట్టాభిరామ్ ఇంద్రజాలంతో పాటు సైకాలజీ, వ్యక్తిత్వ వికాస శిక్షణలోనూ పేరు తెచ్చుకున్నారు. ఒక్క కాలి మీద నిలబడలేదన్నమాట.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా అడ్డుపడండి: నీళ్లు, నిప్పు. 2019 జూన్‌లో కోల్‌కతాలో మెజీషియన్ చంచల్ లాహిరి సంకెళ్లతో హుగ్లీ నదిలోకి దిగి ప్రాణాలు కోల్పోయారు. భగ్గున మండే ఫ్లాష్ పేపర్ నైట్రోసెల్యులోజ్. దాన్ని తడిగా నిల్వ చేస్తారు, వాడే ముందే కావాల్సినంత మాత్రమే ఆరబెడతారు. ఇంటి అల్మారాలో పొడిగా దాచే సరుకు కాదు.

పరీక్షలయ్యాక అబ్బాయికి మూడు నెలలివ్వండి. మూడే ఐటమ్‌లు, ఎనిమిది నిమిషాలు. ఇంట్లోవాళ్ల ముందు కాదు, పరిచయం లేని 20 మంది ముందు, ఏ అపార్ట్‌మెంట్ వినాయక చవితి పందిట్లోనో చేయమనండి. తను కాకుండా ప్రేక్షకుల ముఖాలు కనిపించేలా వీడియో తీయించండి. మాయ జరిగే క్షణంలో వాళ్లు ఏ చేతిని చూస్తున్నారో అతనే చూసుకుంటాడు. ఆ వీడియో చూసి మరుసటి రోజు మళ్లీ సాధనకు కూర్చుంటే, డిగ్రీతో పాటే సాగనివ్వండి.