అమ్మకి చెవి వెనక పెట్టే వినికిడి మిషనా, లోపలిదా? 11 ఏళ్లుగా పెట్టుకుంటున్నదాన్ని చెప్తున్నాను

అమ్మగారికి 68 ఏళ్లు, రెండు చెవుల్లోనూ వినికిడి లోపం 60 డెసిబెల్స్ దాటింది, మీ మాట అందుతోంది గానీ మనవరాలి మాట అర్థం కావట్లేదు అన్నారు. లోపల దూరిపోయే చిన్న మిషన్ కొనాలా, చెవి వెనకదా, ఎలా చూసుకోవాలి అని అడిగారు. చెవి వెనకదే తీసుకోండి. నేను తెనాలి దగ్గర హైస్కూల్లో లెక్కల టీచరుగా చేశాను. 11 ఏళ్లుగా రెండు చెవులకీ అవే పెట్టుకుంటున్నాను.

నాకూ ముందు దూరమైంది పిల్లల గొంతులే. వరండా అవతల హెడ్మాస్టరు గారి మాట వినపడేది, మూడో బెంచీ పిల్ల 'శాతం' అందో 'పాదం' అందో తెలిసేది కాదు. స, శ, త, క లాంటి అక్షరాల చప్పుడు ఎక్కువగా పై ఫ్రీక్వెన్సీల్లో, అంటే సన్నటి శబ్దాల్లో ఉంటుంది. వయసుతో ముందు తగ్గేదీ అక్కడే. అందుకే అమ్మగారికి 'వినపడుతోంది, అర్థం కావట్లేదు' అనిపిస్తుంది. ఆవిడ పరధ్యానంగా ఉన్నారని ఇంట్లో ఎవరూ అనుకోవద్దు.

నలుగురికీ కనపడకూడదని నేను మొదట లోపల పెట్టేదే కొన్నాను. అమ్మినాయన చెవిలో గుబిలి ఉందో లేదో కూడా చూడలేదు. నాకు కావలసినంత సౌండ్ పెంచితే కుయ్యిమనేది. గుబిలీ చెమటా చేరి ఎనిమిది నెలల్లో రెండుసార్లు రిపేరుకి వెళ్లింది, ఆ తర్వాత బీరువాలో పడింది. చెవి వెనకదాంట్లో మైకు చెవి పైన ఉంటుంది, శబ్దం ట్యూబులోంచి మౌల్డు (మన చెవి అచ్చుతో చేసి చెవిలో పెట్టే ముక్క) ద్వారా లోపలికి వెళ్తుంది. రెంటికీ దూరం ఉండటంవల్ల ఆ కూత తక్కువ. వేళ్లు పట్టు తప్పే వయసులో తీసి పెట్టుకోవడానికీ ఇదే వీలు.

ధర దగ్గర అందరూ చానెళ్లు, అంటే మిషన్ శబ్దాన్ని ఎన్ని భాగాలుగా విడదీసి సర్దుతుందో, లెక్కపెడతారు. నేను మాత్రం ముందు మౌల్డు చూడమంటాను. చెవిలోకి దారం కట్టిన చిన్న స్పాంజి పెట్టి, మెత్తటి సిలికాన్ ముద్ద నింపి అచ్చు తీస్తారు. చల్లగా, నిండుగా ఉంటుంది, నొప్పి ఉండదు. ఆ నిమిషాల్లో మాట్లాడకుండా కదలకుండా కూర్చోమనండి. మౌల్డు వదులైతే మిషన్ కూస్తుంది, కూస్తోందని సౌండ్ తగ్గించేస్తారు, తగ్గిస్తే వినపడదు. చివరికి మిషనే మంచిది కాదంటారు. నా కుడి చెవి మౌల్డు మూడోసారికి గానీ కుదరలేదు.

వినికిడి పరీక్షించి మిషన్ సర్దే ఆడియాలజిస్టుకి ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి. చెవిలో సన్నటి గొట్టం పెట్టి, మిషన్ శబ్దం లోపలికి ఎంత చేరుతోందో కొలిచే రియల్ ఇయర్ మెజర్‌మెంట్ చేస్తారా అనీ అడగండి. కొన్నాళ్లు ఇంట్లో వాడి చూడనిచ్చేవాళ్ల దగ్గరే కొనండి. వినికిడి మిషన్ మీద జీఎస్టీ లేదు, బిల్లులో అది కలిపితే ఒప్పుకోవద్దు. డబ్బు ఇబ్బందైతే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో వినికిడి లోపం ఉన్నవాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, అక్కడ కనుక్కోండి. దారిద్య్రరేఖకి దిగువనున్న పెద్దవాళ్లకి కేంద్ర పథకం రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద మిషన్ ఉచితం. ఆ పథకం 2017లో మన నెల్లూరులోనే మొదలైంది.

మొదటి నెల కష్టంగానే ఉంటుంది. మన గొంతే కుండలోంచి వస్తున్నట్టు ఉంటుంది. కంచం పెట్టిన చప్పుడికి ఉలిక్కిపడతాం. నేను మొదటివారం ఇంట్లో రోజుకి రెండు మూడు గంటలే పెట్టుకుని మెల్లగా పెంచాను. పెళ్లిళ్లకి పెట్టుకుని వెళ్లింది రెండో నెలలో. రెండు వారాలకి మళ్లీ ఆడియాలజిస్టు దగ్గరికి వెళ్లండి. 'బాగాలేదు' అంటే వాళ్లు ఏమీ చేయలేరు. 'కుక్కరు విజిల్‌కి తల అదురుతోంది, టీవీ వార్తలు అందట్లేదు' అని చీటీ రాసుకెళ్లండి. ఇంకోటి, ఫోను చెవి రంధ్రం దగ్గర పెడితే వినపడదు. మైకు పైనుంది కాబట్టి ఫోను కాస్త పైకి, వెనక్కి జరపాలి. ఇది ఎవరూ చెప్పక నేను ఆర్నెల్లు ఫోనెత్తడమే మానేశాను.

మన వైపు దీనికి అసలు శత్రువు చెమట. మే నెలలో ఓ రోజు ఎడమ మిషన్ ఉన్నట్టుండి మూగబోయింది. సెల్లు (చిన్న బ్యాటరీ) మార్చినా పలకలేదు. ట్యూబుని వెలుగుకి పట్టి చూస్తే వంపు దగ్గర ఆవగింజంత నీటిబొట్టు అడ్డం నిలిచి ఉంది. మౌల్డుతోపాటు ట్యూబుని, చెవి మీద తగిలించే హుక్కు నుంచి ఊడదీసి, రబ్బరు బల్బుతో రెండుసార్లు గాలి కొడితే బొట్టు బయటపడింది, మిషన్ పలికింది. అప్పట్నుంచీ రోజూ రాత్రి మిషన్ పొడిగుడ్డతో తుడిచి, సెల్లు తలుపు తెరిచి, సిలికా జెల్ ఉన్న మూత డబ్బాలో పెడతాను. మౌల్డు మాత్రం వారానికోసారి విడదీసి గోరువెచ్చటి సబ్బునీళ్లలో కడిగి, రాత్రంతా ఆరనిస్తాను. మిషన్‌కి నీళ్లు గానీ స్పిరిట్ గానీ తగలనివ్వద్దు. నాలుగైదు నెలలకి ట్యూబు పచ్చబడి గట్టిపడుతుంది, మార్పించండి. తలకి నూనె పెట్టుకునే ముందు, స్నానానికి ముందు తీసేయాలి. మాస్కు తాడు కూడా చెవికి కాకుండా తల వెనక కట్టుకోమనండి, ఒకసారి బస్సులో మాస్కుతోపాటు నా మిషన్ ఊడి సీటు కిందికి పోయింది. ఎర్ర గుర్తు కుడిది, నీలం గుర్తు ఎడమది.

సెల్లు 13 నంబరైతే స్టిక్కరు నారింజ రంగులో ఉంటుంది. అది గాలితో పనిచేసే సెల్లు. స్టిక్కరు పీకి ఒక్క నిమిషం ఆగి వేస్తే మంచిది. పీకాక వాడకపోయినా అరిగిపోతుంది, కాబట్టి ముందే పీకి ఉంచొద్దు. ఇంట్లో చిన్నపిల్ల ఉందన్నారు, సెల్లులు అందనంత ఎత్తులో పెట్టండి. మింగితే ప్రాణానికే ప్రమాదం, క్షణం ఆలస్యం లేకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

రెండు చెవులకీ కొనే స్తోమత ఉంటే రెండూ కొనండి, ఎవరు ఎటునుంచి పిలుస్తున్నారో అప్పుడే తెలుస్తుంది. మిషన్ సరిచేయించడానికి వెళ్లే రోజు మనవరాల్నీ వెంట తీసుకెళ్లండి. అమ్మగారి వెనక నిలబెట్టి, ఆ పిల్ల చేత నాలుగు మాటలు చెప్పించి, అవి ఆవిడకి అందేదాకా సర్దమని అడగండి.